స్టార్టరు పెట్టె దగ్గర మొదలు

పొద్దు ఇంకా పొడవలేదు. బొల్లాపల్లిలో మా బావ తువ్వాలు భుజాన వేసుకుని మిరపచేను గట్టు మీద స్టార్టరు పెట్టె వైపు నాలుగడుగులు వేశాడు. యాభై అడుగుల అవతల వేపచెట్టుకి కట్టేసిన కుక్క లేచి నిలబడింది. పెట్టె తలుపు కిర్రుమంది. కుక్క ఒళ్ళంతా వణుకు. పచ్చబొత్తాం నొక్కిన 'టక్' వినపడగానే గొలుసు తెగేలా లాగుతూ వెనక కాళ్ళ మీద లేచిపోయింది. బోరులోంచి నీళ్ళు పైకొచ్చి డెలివరీ పైపులోంచి దూకడానికి ఇంకా అర నిమిషం పడుతుంది. ఈలోపే దానికి పూనకం వచ్చేసింది.

ఆ టక్‌కీ ఆ నీళ్ళకీ మధ్య ఉన్న అర నిమిషమే ఈ అధ్యాయం.

నీళ్ళు కనపడితే కుక్క ఆగడం లేదని నన్ను అడిగేవాళ్ళలో చాలామంది నీళ్ళ దగ్గరే మొదలుపెట్టి ఓడిపోయినవాళ్ళు. చెరువు గట్టు మీద నిలబడి "కూర్చో, కూర్చో" అని గొంతు చించుకుంటారు. అప్పటికి కుక్క చెవుల్లోకి మాట పోయే దారి లేదు. పెళ్ళి ఊరేగింపులో డప్పుల పక్కన నిలబెట్టి పిల్లాణ్ణి పదమూడో ఎక్కం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది అది. పిల్లాడికి ఎక్కం రాదని కాదు, చోటు తప్పు.

మా బావ వాళ్ళ కుక్క లాబ్రడార్. మేనల్లుడు హైదరాబాదులో అపార్టుమెంటులో పెంచాడు, పేరు సింబా. వాడికి విదేశంలో ఉద్యోగం రాగానే కుక్కనీ, దాని పరుపునీ, సగం వాడిన షాంపూ సీసానీ కారులో వేసుకొచ్చి అమ్మానాన్నల దగ్గర దింపి వెళ్ళాడు. మా అక్క నోట్లో సింబా రెండో రోజుకే శంభు అయింది. పరుపు గేదెల కొట్టంలోకి పోయింది. మిగతావన్నీ సర్దుకున్నాయి గానీ, నీళ్ళ పిచ్చి ఒక్కటే సర్దుకోలేదు. వచ్చిన వారంలో డెలివరీ పైపు ధారని కొరుకుతూ గంటసేపు ఎగిరింది. గేదెలు తాగే తొట్టిలో దూకి కూర్చుంది. చివరికి మిరపచేలోకి పోయి, మట్టి కింద చుక్కచుక్కగా కారే డ్రిప్పు పైపుల్ని వాసన పట్టి, ఒక సాలు మొత్తం కొరికేసింది. అక్కడితో మా బావ ఓపిక అయిపోయింది. నాకు ఫోను చేసి, "బామ్మర్దీ, నువ్వొచ్చి దీని సంగతన్నా చూడు, లేకపోతే తీసుకునన్నా పో" అన్నాడు.

బొల్లాపల్లి సంగతి తెలిసినవాళ్ళకి బావ బాధ అర్థమవుతుంది. ఒక పక్క నల్లమల అడవి, తక్కినదంతా మెట్ట. 1955లో నెహ్రూ పునాది వేసిన సాగర్ ప్రాజెక్టు కుడి కాల్వకి ఆయన పేరే పెట్టి జవహర్ కాల్వ అన్నారు. 1967లో అందులోకి నీళ్ళు వదిలారు. ఆ కాల్వ పల్నాడు మీదుగానే పోతుంది గానీ ఈ మిట్ట పొలాల్లో చాలావాటికి అది దూరపు చుట్టమే. ఆ కొరత తీరుస్తామని వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన చేశారు. బావ నమ్మకం మాత్రం తన బోరు మీదే. అలాంటి చోట నీళ్ళంటే మనిషికి ప్రాణం, కుక్కకి ఆట. పేచీ అంతా అక్కడుంది.

ముందు కుక్క తరఫున ఒక మాట చెప్పాలి. లాబ్రడార్ జాతి తాతముత్తాతలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి రేవుల్లో జాలర్ల దగ్గర పనిచేసినవి. వలల తాళ్ళు లాగడం, గాలం నుంచి జారిన చేపని పట్టుకురావడం వాటి పని. గడ్డకట్టే నీళ్ళలో దూకడానికి వెనకాడని కుక్కల్నే ఏరి ఏరి పెంచుకుంటూ వచ్చారు. అందుకే దానికి నీళ్ళు ఇంకని జిడ్డు బొచ్చు, తెడ్డులా పనిచేసే తోక, వేళ్ళ మధ్య చర్మం ఉంటాయి. అన్నీ ఇచ్చి, చివరికి దాన్ని ఐదో అంతస్తు బాల్కనీలో కూర్చోబెట్టారు. రెండేళ్ళు బకెట్టు నీళ్ళు తప్ప చూడని కుక్కకి బోరు పైపు తిరనాళ్ళలాగే కనపడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా మన దగ్గరే ఇంకో కుక్క ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు దిక్కున జోనంగి అనే జాతి కుక్కలుండేవి. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. గట్టిగా మొరగదు, ఒకరకంగా రాగం తీస్తుంది. నేలలో గుంట తవ్వుకుని అందులో పడుకోవడం దానికి ఇష్టం. బాతుల మందల్ని మేపేవాళ్ళు ఈ కుక్కల్ని కాపలాకీ, మంద మళ్ళించడానికీ పెట్టుకునేవాళ్ళు. ఆలోచించండి. చుట్టూ నీళ్ళు, ఎదురుగా రెక్కలు కొట్టుకుంటూ గోల చేసే వందల బాతులు. ఏ కుక్కకైనా మతి పోవాల్సిన చోటు. జోనంగి అక్కడ నిదానంగా నడిచేది. నీళ్ళంటే దానికి ఇష్టం లేక కాదు. కళ్ళు తెరిచిన నాటి నుంచి నీళ్ళ పక్కనే బతికింది, నీళ్ళ పక్కనే పని చేసింది. కొల్లేరు దానికి పండగ కాదు, డ్యూటీ. చేపల చెరువులు పెరిగాక ఆ కుక్కలు బాగా తగ్గిపోయాయి, అది వేరే దుఃఖం. మనకి కావాల్సింది ఇది: శంభుకి కూడా నీళ్ళని పండగ స్థాయి నుంచి మామూలు రోజు స్థాయికి దించాలి. నీళ్ళంటే భయం పెట్టకూడదు, ఇష్టం చంపకూడదు.

నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను, మీకు పది రోజులు కలిసొస్తాయి. నాకూ మొదట వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదే: కడుపునిండా ఈదించేస్తే మొహం మొత్తుతుంది. రోజూ పొద్దునే చెరువుకి తీసుకెళ్ళి గంటసేపు వదిలాను. మొదటి రెండు రోజులూ ఇంటికొచ్చి చచ్చినట్టు పడుకుంది, నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరిగేసరికి గంట ఈది వచ్చాక కూడా తొట్టిలో దూకుతోంది. రోజూ పరిగెత్తించే కోడెకి అలుపు రాదు, దమ్ము వస్తుంది. నేను చేసింది అదే. పైగా చెరువు దారి పట్టగానే పలుపు లాగితే చెరువు తొందరగా వస్తుందని కూడా దానికి నేర్పాను. పాఠం బాగానే చెప్పాను, కాకపోతే తప్పు పాఠం.

ఆ తర్వాత రెండు రోజులు ఏమీ నేర్పకుండా కేవలం చూశాను. చూడటం మొదలుపెడితే తెలిసింది, దాని పూనకం నీళ్ళతో మొదలవడం లేదు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల జీర్ణక్రియ మీద పరిశోధన చేసి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నోట్లో తిండి పడితే ఎంత లాలాజలం ఊరుతుందో కొలుస్తుంటే, తిండి తెచ్చే మనిషి అలికిడికే కుక్కలు చొంగ కార్చడం ఆయన దృష్టిలో పడింది. తర్వాత జీవితమంతా దాని వెంటే పడ్డాడు. శంభు విషయంలో ఆ అలికిడి మా బావ తువ్వాలు. దాని తర్వాత పెట్టె తలుపు, ఆ తర్వాత టక్, ఆ తర్వాత పైపులో గాలి బుసకొట్టే చప్పుడు. ఒక్కో మెట్టుకీ కాస్త కాస్త పొంగుకుంటూ వచ్చి, నీళ్ళు పడే వేళకి అంచు దాటిపోతోంది. పాలు పొంగాక మూత పెడితే ఏం లాభం? సెగ తగ్గించాల్సింది ముందు.

కాబట్టి మొదటి పాఠం నీళ్ళు లేకుండా. ఫ్యూజులు తీసేసి, రోజంతా వేళాపాళా లేకుండా స్టార్టరు పెట్టె తలుపు తీయడం, మూయడం. బావ తువ్వాలు భుజాన వేసుకుని పెట్టె దాకా పోయి, ఊరికే వెనక్కి వచ్చి టీ తాగడం. తలుపు తీసి, మూసి, కుక్క ముందు ఒక చిన్న ముక్క పడేయడం. మొదటి రోజు ఇరవైసార్లు చేశాం. పదిసార్లకి లేచింది, గింజుకుంది. తర్వాత లేచింది గానీ అరవలేదు. సాయంత్రానికి తల మాత్రం ఎత్తి, నీళ్ళ వైపు కాకుండా నా చెయ్యి వైపు చూసింది. తువ్వాలు వేసుకున్నంత మాత్రాన నీళ్ళు రావు అనేది ఒకటి, తలుపు చప్పుడైతే నేల మీద ముక్క పడుతుంది అనేది రెండు. ఈ రెండూ దాని బుర్రలోకి ఎక్కడమే మూడు రోజుల పని.

"ఏంది బామ్మర్దీ, నీళ్ళ దగ్గర నేర్పమంటే పెట్టె దగ్గర కూర్చుంటివి?" అన్నాడు బావ. కరెంటు పనివాణ్ణి పిలిచి, తలుపు పాడైందేమో చూపించమని అక్క ఎగతాళి.

ముక్క గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పిసినారితనం చూపిస్తారు. నీళ్ళతో పోటీ పడాల్సిన ముక్క బిస్కెట్టు కాదు. కోడి కార్జం ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి చిటికెన వేలి గోరంత ముక్కలు చేసుకోండి. ఉడికిన గుడ్డు కూడా పనిచేస్తుంది. ఉల్లిపాయ తగిలిన కూర ముక్క మాత్రం వద్దు, ఉల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ఇంట్లో పెట్టే అన్నం ఆ మేరకు తగ్గించాలి, లేకపోతే నెల తిరిగేసరికి నిదానం వచ్చేది శిక్షణ వల్లో కొవ్వు వల్లో మీకే తెలియదు. చేత్తో అందించడం కంటే నేల మీద, కుక్క ముందుకాళ్ళ మధ్య పెట్టండి. తల కిందికి వంచి గడ్డిలో వాసన చూస్తూ వెతికే కుక్క ఒకేసారి గాల్లోకి ఎగరలేదు.

ఇంకో మేలు కూడా ఉంది ఆ ముక్కతో. అది జ్వరం చూసే కర్రలాంటిది. మెల్లగా పెదాలతో తీసుకుంటే కుక్క నిదానంగానే ఉంది. వేలితో సహా లాక్కుంటే లోపల పొంగుతోంది, నాలుగడుగులు వెనక్కి రావాలి. ముక్కు ముందు పెట్టినా కనపడనట్టు నీళ్ళ వైపే చూస్తుంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారు. అక్కడ ఎంత అరిచినా దండగ, ఇరవై అడుగులు వెనక్కి నడవండి. తోక పైకి లేచి కర్రలా బిగుసుకోవడం, నోరు ఠక్కున మూసుకోవడం, సన్నగా మూలగడం, ఇవన్నీ అంచు దగ్గరపడ్డ గుర్తులు. ఒళ్ళు పొడిగానే ఉన్నా తడిసినట్టు ఒకసారి దులుపుకుంటే, ఒక తుంటి మీదకి వాలి కూర్చుంటే, పెద్దగా ఊపిరి వదిలితే దిగుతోందని లెక్క. శంభు మొదటిసారి అలా తుంటి మీదకి ఒరిగినప్పుడు మా బావ నా మోచేతిని పొడిచి, "అదిగో, మా నాయన అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుంది" అన్నాడు. పిల్ల దూడల్ని చూసినంత శ్రద్ధగా ఆయన కుక్కని చూడటం ఆ రోజు నుంచే.

నాలుగో రోజు ఫ్యూజులు పెట్టి మోటారు వేశాం. కుక్కని పైపుకి నలభై అడుగుల దూరంలో నిలబెట్టాను. మెడకి గొలుసు కాదు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ. దానికి గేదెల పలుపులాంటి మెత్తటి నూలు తాడు, ఐదారు గజాలు. నైలాను తాడైతే చెయ్యి కోసుకుపోతుంది. ఏ తాడైనా సరే మణికట్టుకి చుట్టుకోకండి, ముప్పై కిలోల కుక్క ఒక్క దూకు దూకితే మణికట్టు పోతుంది. బావ పట్నం దుకాణం నుంచి ముళ్ళ పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. దాన్ని నేను అటక మీద పెట్టించాను. నీళ్ళు చూసిన ప్రతిసారీ మెడలో ముళ్ళు దిగితే కుక్కకి నిదానం రాదు, నీళ్ళ దగ్గర ఎవరు కనపడితే వాళ్ళ మీద కోపం వస్తుంది. ఆ కనపడేది బిందెతో వచ్చే పిల్ల అయితే?

ఇక అసలు కిటుకు. ఇన్ని కార్జం ముక్కలు పెట్టినా, శంభుకి ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైనవి నీళ్ళే. అలాంటప్పుడు జీతం కూడా నీళ్ళలోనే ఇవ్వాలి. డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో దీన్ని సూత్రంగా రాశాడు: బాగా ఇష్టమైన పనిని, అంతగా ఇష్టం లేని పనికి బహుమతిగా వాడుకోవచ్చని. అక్కడి వాళ్ళు దీన్ని అమ్మమ్మ సూత్రం అని కూడా అంటారు. మన అమ్మమ్మలకి ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు, చద్దన్నం తింటేనే బుర్రగుంజు చేతికొచ్చేది.

మా బావకి ఇది ప్రీమాక్ పేరుతో చెబితే ఎక్కలేదు. లస్కరు పేరుతో చెబితే ఎక్కింది. కాల్వ కింద ఊళ్ళలో షట్టరు ఎత్తేదీ దించేదీ లస్కరు. కాల్వలో ఎన్ని నీళ్ళున్నా, రైతు ఎంత మొత్తుకున్నా, తన వంతు వచ్చినప్పుడే బోదెలోకి నీళ్ళు. అరిచిన రైతుకి ముందూ, ఊరుకున్న రైతుకి వెనకా షట్టరు ఎత్తే లస్కరుంటే ఆ ఊళ్ళో అందరూ అరవడమే నేర్చుకుంటారు. మన ఇళ్ళల్లో జరిగేది అదే. కుక్క గింజుకుంటుంది, మొరుగుతుంది, మనకి చెయ్యి నొప్పి పుట్టి తాడు వదిలేస్తాం. షట్టరు ఎత్తాం. గింజుకున్నందుకు జీతం ముట్టింది.

కాబట్టి ఆ పొద్దున చేసింది ఇది. తాడు బిగిస్తే నేను చెట్టులా ఆగిపోయాను. తాడు వదులైతే నీళ్ళ వైపు రెండడుగులు వేశాను. బిగిస్తే ఆగాను, ఇంకా బిగిస్తే వెనక్కి తిరిగాను. నలభై అడుగులు నడవడానికి మొదటి రోజు ముప్పావు గంట పట్టింది. మిరపచేలో కూలికి వచ్చిన అమ్మలు కలుపు ఆపి మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. పైపుకి పది అడుగుల దగ్గర అది దానంతట అదే కూర్చుంది. నేను కూర్చోమనలేదు. అది చాలా ముఖ్యం, ఎందుకంటే చెబితే కూర్చున్న కుక్క ఒళ్ళు బిగబట్టి కూర్చుంటుంది, కండలు పరుగుకి సిద్ధంగానే ఉంటాయి. దానంతట అది కూర్చున్నది అంటే లోపల ఏదో దిగింది. అలా కూర్చున్న మరుక్షణం "ఊఁ, పో" అని తాడు వదిలాను. కుక్క ఒక్క ఉదుటున ధారలోకి పోయింది. కార్జం ముక్కని ఎవడు పట్టించుకున్నాడు!

ఆ "ఊఁ, పో" ఒక్కటే మాట ఇంట్లో అందరూ వాడాలి. అక్క "వెళ్ళమ్మా" అని, బావ "పోరా" అని, పనిపిల్లాడు ఈల వేసి చెబితే కుక్క ఏ మాటకైనా బయలుదేరొచ్చని అనుకుంటుంది.

అలా రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. అంతకు మించితే కుక్కకీ మనకీ బుర్ర పనిచేయదు. నీళ్ళని కూడా తేలిక నుంచి గట్టి దాకా వరసలో పెట్టుకున్నాం. బకెట్టులో కదలని నీళ్ళు అన్నిటికంటే తేలిక. తర్వాత గేదెల తొట్టి. తర్వాత చెరువు, గాలి లేని పొద్దున. చెరువులో గేదెల్ని కడుగుతుంటే అది వేరే తరగతి. దూకే ధార అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది చప్పుడు చేస్తుంది, కదులుతుంది, కొరికితే చిట్లుతుంది. మేం కష్టమైనదానితో మొదలుపెట్టాం, మోటారు రోజూ వేయక తప్పదు గనక. మీకు వీలుంటే బకెట్టుతో మొదలుపెట్టండి.

తొమ్మిదో రోజు అంతా తలకిందులైంది. పల్నాటి రైతులు చాలామందిలాగే మా బావ స్టార్టరుకి ఆటో బిగించుకున్నాడు. త్రీఫేజు కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు లేస్తుంది. శిక్షణ మొదలుపెట్టినప్పుడు ఆటో తీయించాను. ఆ రాత్రి పక్కింటివాళ్ళ పెళ్ళికి పోతూ బావ మళ్ళీ ఆటోలో పెట్టి వెళ్ళాడు. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు టక్ మంది, ధార దూకింది, కుక్క పలుపు కొరుక్కుని పోయి మేం లేచేదాకా గంటన్నర పాటు కొరికింది. లేచి చూసేసరికి పొట్ట ఉబ్బి, తూలుతూ నడుస్తూ, నీళ్ళు కక్కుకుంటోంది.

ఇది నవ్వుకునే విషయం కాదు. ధారని కొరికే కుక్క, నీళ్ళలోంచి బంతి పదేపదే తెచ్చే కుక్క, తనకి తెలియకుండానే లీటర్లకి లీటర్లు మింగేస్తుంది. రక్తంలో సోడియం పల్చబడిపోతుంది, మెదడు వాస్తుంది. తూలడం, కక్కుకోవడం, చొంగ కారడం, చూపు నిలవకపోవడం, తర్వాత ఫిట్సు, కొన్ని గంటల్లో ప్రాణమే పోవచ్చు. ఆ గుర్తులు కనపడితే ఉప్పునీళ్ళు తాగించడంలాంటి సొంత వైద్యం వద్దు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మేం తీసుకెళ్ళాం, సాయంత్రానికి తేరుకుంది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ధార దగ్గర రెండు నిమిషాలు, చెరువులో పది నిమిషాలు, ఆ తర్వాత పిలిచి నీడలో కూర్చోబెట్టడం. ఆటో తీగలు మాత్రం బావ తనే పీకేశాడు.

ఇంకో మెలిక ఉంది. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది, ఇక్కడ కూడా ఏమంత తక్కువ కాదు. మనలా కుక్కకి ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లబడే దారి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీళ్ళ కోసం గింజుకునే కుక్క పొగరుతో గింజుకోవడం లేదు, కాలిపోతోంది. అప్పుడు పాఠాలు చెప్పకండి. ఆడుకునే నీళ్ళు వేరు, తాగే నీళ్ళు వేరు. శిక్షణలో మీరు ఆపేది మొదటివే. తాగే నీళ్ళ చట్టి దాని ముందు రాత్రీపగలూ నిండుగా ఉండాల్సిందే. ఎండాకాలంలో మేం పాఠాన్ని తెల్లవారుజామున ముగించేవాళ్ళం.

కాల్వ సంగతి వేరు. చెరువుకి ఒడ్డుంది, కుంటకి ఒడ్డుంది, దిగిన కుక్క ఎక్కి రాగలదు. సిమెంటు చేసిన కాల్వ గోడ ఏటవాలుగా, పాచి పట్టి ఉంటుంది. ఎంత ఈతగాడైన కుక్కైనా గోళ్ళు పట్టవు. నీళ్ళు పైకి నిదానంగా కనపడతాయి, అడుగున లాగేస్తుంటాయి. కుక్క పడిందని వెనకే మనిషి దూకడం, ఇద్దరూ పోవడం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అనే సామెత మనవాళ్ళకి ఊరికే పుట్టలేదు. ఎంత బాగా నేర్చిన కుక్కైనా సరే, పారే కాల్వ గట్టు మీద తాడు విప్పకండి. పడిపోతే గట్టు వెంట నడుస్తూ, మెట్లో రేవో ఉన్న చోటికి తాడుతో మళ్ళించండి. అందుకే ఛాతీ పట్టీ. మెడ గొలుసుతో లాగితే ఉరి పడుతుంది.

బోరు దగ్గర కరెంటు సంగతి కూడా మర్చిపోవద్దు. తడిసిన కుక్క స్టార్టరు పెట్టె కిందో, మోటారు తీగ మీదో పడుకోకుండా చూడాలి. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఓసారి చూపించుకోండి, అది కుక్క కోసమే కాదు.

నీళ్ళలోంచి వచ్చాక పొడి గుడ్డతో చెవులు తుడవడం బద్ధకించకండి. లాబ్రడార్ చెవులు మూతలా వాలి ఉంటాయి, లోపల తడి ఆరక చీము పడుతుంది. ఎలుకల ఉచ్చ కలిసిన మురుగు నీళ్ళ నుంచి లెప్టోస్పైరా అనే క్రిమి వస్తుంది. టీకా వేయించేటప్పుడు అందులో అది కూడా ఉందో లేదో డాక్టరుని అడగండి. రేబిస్ టీకా ఎలాగూ ప్రతి ఏడూ. ఇక్కడ ఊళ్ళో విన్న ఒక మాట సరిచేయాలి. శంభు నీళ్ళలోకి దూకుతుంది గనక దానికి పిచ్చి లేనట్టే అని ఒక పెద్దాయన తీర్పు చెప్పాడు. రేబిస్ సోకితే నీళ్ళు చూసి బెదరడం మనుషుల్లో కనపడే లక్షణం. రేబిస్ ఉన్న కుక్క నీళ్ళలో దిగగలదు, ఈదగలదు కూడా. నీళ్ళు చూసి ఏదీ తేల్చకండి.

అరుపుల గురించి ఎక్కువ చెప్పను. ఉద్రేకంతో ఉన్న కుక్క పక్కన నిలబడి మీరు గట్టిగా అరిస్తే, మీరు కూడా తనతో కలిసి మొరుగుతున్నారనే దానికి అనిపిస్తుంది. మా బావ గొంతు పెద్దది. శిక్షణలో సగం రోజులు నేను నేర్పింది కుక్కకి కాదు. "బావా, గొంతు తగ్గించు" అని ఎన్నిసార్లు అన్నానో. చివరికి ఆయన ఒక బీడీ నోట్లో పెట్టుకుని, అది వెలిగించకుండా నమలడం మొదలుపెట్టాడు. నోట్లో బీడీ ఉంటే మాట రాదు కదా.

పంతొమ్మిదో రోజున నేను ఊరికి బయలుదేరాను. ఆ పొద్దున తాడు లేకుండా చూద్దామన్నాడు బావ. నాకు ధైర్యం లేదు, పలుపు కట్టి, చివర నేల మీద వదిలేశాను. బావ తువ్వాలు వేసుకున్నాడు. కుక్క తల ఎత్తింది. తలుపు కిర్రుమంది. లేచి నిలబడింది. టక్. తోక నేలకి కొట్టుకుంటూ దుమ్ము లేపుతోంది గానీ కదల్లేదు. పైపు బుస కొట్టింది, ధార దూకింది. శంభు రెండడుగులు వేసి, ఆగి, బావ మొహంలోకి చూసింది. బావ నోట్లో బీడీ. "ఊఁ, పో" అనడానికి దాన్ని తీయాలి కదా, తడబడ్డాడు. ఆ నాలుగు సెకన్లూ కుక్క ఒక కాలు ఎత్తి అలాగే నిలబడింది.

డ్రిప్పు పైపులు మాత్రం ఇప్పటికీ దొరికితే వదలదు. రాత్రిపూట మిరపచేను వైపు కట్టెల గేటు వేసి పడుకుంటున్నారు.